లక్ష దాటిన ఏడాది

లాండ్రీ పైన గది,
జూన్ 11

వదినా,

నీ కవరు అందింది. అన్నయ్య మే నెల జీతం కాగితం, పాప డేకేర్ రసీదులు, కారు బీమా కాగితం అన్నీ ఉన్నాయి. ఈ ఉత్తరం మాత్రం నువ్వొక్కదానివే చదువుకో. ఫోన్‌లో చెబుదామంటే మీ ఇంట్లో ఎవరు ఫోనెత్తినా వాడు స్పీకర్ పెట్టమంటాడు. నా కవర్లయితే విప్పడు, ‘పన్ను గోల’ అని నీ వైపు తోసేస్తాడు. ఆ ఒక్క మేలైనా ఉంది.

ఆదివారం భోజనాల దగ్గర జరిగింది నువ్వూ చూశావు. అన్నయ్య ఎముకల విభాగానికి హెడ్ అయ్యాడని మూడు గంటలు బస్సులో కూర్చుని వచ్చాను. నా పక్క కుర్చీలో చెవి డాక్టరు కూర్చున్నాడు. మంచాయన. మీరు పన్ను కాగితాలు చూస్తారట కదా, నావీ చూస్తారా, నాలాగే తల పట్టుకున్నవాళ్ళు ఇంకో నలుగురున్నారు అన్నాడు. అయిదుగురు డాక్టర్లు వదినా. నా దగ్గరికి వచ్చేది టాక్సీ డ్రైవర్లు, మంగలివాళ్ళు, రాత్రి డ్యూటీ నర్సులు. ఆ అయిదుగురూ వస్తే ఈ ఆవిరి కంపు గది వదిలి కింద వీధిలో బోర్డు పెట్టుకునేదాన్ని. కార్డు కోసం సంచీలో చెయ్యి పెట్టానో లేదో, బల్ల అవతల నుంచి అన్నయ్య అందుకున్నాడు.

“దానికిచ్చారంటే మిమ్మల్ని జైల్లో చూడాల్సొస్తుంది. ఆడిటర్ పరీక్ష రెండుసార్లు తప్పింది. ఏదో చెల్లెలు కదా అని నా కాగితాలు పడేస్తుంటాను.”

బల్ల బల్లంతా నవ్వింది. చెవి డాక్టరు కూడా నవ్వి, మంచినీళ్ళు తాగి, అటు తిరిగి కూర్చున్నాడు.

పదకొండేళ్ళుగా వాడి కాగితాలు చూస్తున్నాను. ఒక్కసారి తప్పు పట్టారా ఆఫీసువాళ్ళు? సోమవారం వాడే ఫోన్ చేశాడు. పొరపాటైందంటాడేమో అనుకున్నాను, పిచ్చిదాన్ని. ఇకమీదట గళ్ళల్లో అంకెలు నింపి పంపు చాలు, సలహాలు కావాలంటే ఆసుపత్రి ఆడిటర్ని అడుగుతాను అన్నాడు. సరే అన్నాను. గళ్ళు నింపుతాను. అడిగితే తప్ప నోరు విప్పను. కానీ లెక్కలు ఎవరికి వచ్చో వాడికి తెలిసొచ్చేలా చేస్తాను వదినా. తెలిసే చేశానని కూడా వాడికి తెలియాలి. అందాకా నాకు తిన్నది ఒంటబట్టదు.

పాపకి ముద్దులు.

నీ ఆడపడుచు


వంటింటి బల్ల దగ్గర,
జూన్ 19

లెక్కలమ్మా,

మీ అన్నయ్య నోటికి తాళం వేద్దామని పెళ్ళయిన కొత్తలోనే చూశాను. నా వల్ల కాలేదు. ఆయన మనసులో ఏమీ ఉండదులే అని రాస్తే నీకు ఇంకా ఒళ్ళు మండుతుంది, అందుకని రాయను. ఆ రోజు నేను పాపకి తినిపించే హడావిడిలో ఉన్నాను, సగం మాటలు నా చెవిన పడనే లేదు.

నీకు ముందుగా చెప్పాల్సిన కబురు ఇది. కళ్ళద్దాల దుకాణంవాళ్ళు నన్ను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు! మూడేళ్ళయింది కదా, చెయ్యి మరిచిపోయిందేమోనని భయపడ్డాను. మొదటి రోజే మేస్త్రీ ఒక గుండ్రటి అద్దం చేతిలో పెట్టి, ఈ చట్రానికి సరిపోయేలా అరగదీయమన్నాడు. నడిమధ్య చుక్క పెట్టి, చక్రం మీద నీళ్ళు వదిలి అరగదీశాను. చట్రంలో పెట్టి నొక్కితే టక్కున కూర్చుంది. మేస్త్రీ రెండోది అందించాడు. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకున్నాను. ఈ ఉద్యోగం మళ్ళీ పోతే నేను మనిషిని కాను.

ఇదంతా డేకేర్ మీద నడుస్తోంది, పని వెతుక్కోవాలని పాపని జనవరిలోనే అక్కడ చేర్చాను కదా. ఫీజు ఏడాదికి పద్దెనిమిది వేలు, అందులో సగం ప్రభుత్వం ఇస్తోంది. దానికి మూడు నెలలకోసారి నేను ఫారం మీద సంతకం పెట్టాలి. ‘తల్లిదండ్రుల్లో ఎవరి సంపాదనా ఈ ఏడు లక్ష దాటదు’ అని ఉంది అందులో. ఆయన జీతం ఎంతో నాకు సరిగ్గా తెలియదు, కవరు అంటించే ఇస్తారు. నువ్వే చెప్పాలి. పెట్టొచ్చా సంతకం?

వదిన


లాండ్రీ పైన గది,
జూలై 2

వదినా,

నీ ఉద్యోగం మాట చదివి కింద లాండ్రీ ఆవిడకి కూడా చెప్పాను. ఆవిడవీ సోడాబుడ్డి అద్దాలే, కొత్తవి చేయించుకుంటానంటే నీ దగ్గరికే పంపుతాను.

సంతకం సంగతి. ఈ రోజుకి అన్నయ్య సంపాదన లక్ష దాటలేదు. పెట్టు.

ఈ దేశంలో ఆ లక్ష లెక్క ఏమిటో నీకు చెబుతాను, ఎప్పటికైనా పనికొస్తుంది. ప్రతి మనిషి సంపాదనలోనూ మొదటి భాగం మీద పన్ను ఉండదు. కూలివాడికీ ఉంది ఆ భాగం, డాక్టరుకీ ఉంది. కానీ లక్ష దాటిన దగ్గర్నుంచీ అది కరగడం మొదలవుతుంది. పోయిన రెండేళ్ళూ అన్నయ్యకి అదనపు ఆపరేషన్ల డబ్బు వచ్చి లక్ష దాటబోయింది. డిసెంబరులో నేనే ఫోన్ చేసి, పైనున్నదంతా పెన్షన్ నిధిలో వేయించాను. నిధిలో వేసింది సంపాదన కింద లెక్కకు రాదు. అలా వాణ్ణి గీత కిందికి దించాను. ఎందుకు వేయిస్తున్నానో వాడు అడగలేదు, నేనూ గొప్పలు పోలేదు.

ఈ ఏడు అడిగితే చెబుతాను.

నీ ఆడపడుచు


దుకాణం వెనక గది,
అక్టోబరు 8

లెక్కలమ్మా,

మధ్యాహ్నం విరామంలో రాస్తున్నాను. వేళ్ళకి అద్దం పొడి అంటుకుని ఉంది, కాగితం గరగరమంటే ఏమీ అనుకోకు.

మేస్త్రీ నాకిప్పుడు రెండు వంపుల అద్దాలు కూడా ఇస్తున్నాడు, దూరానికీ దగ్గరికీ కలిపి చేసేవి. అర మిల్లీమీటరు తప్పితే పెట్టుకున్నవాడు మెట్లు దిగలేడు. ఇప్పటివరకూ ఒక్కటీ వెనక్కి రాలేదు. జీతం ఏడాదికి చేతికి ఇరవై వేలు పడుతుంది. మీ అన్నయ్య దాన్ని పాకెట్ మనీ అంటారు. అననీ.

నువ్వు అన్న పెన్షన్ నిధి మాట ఆయన దగ్గర ఎత్తాను. ఒకసారి చెల్లెలికి ఫోన్ చేసి కనుక్కోండి అన్నాను. టై కట్టుకుంటూ, ఆసుపత్రి ఆడిటర్ ఉన్నాడుగా అన్నారు. అడిగారా అంటే అడుగుతాలే అన్నారు. అడగరు, నాకు తెలుసు. ఆడిటర్ ఆసుపత్రి లెక్కలు చూస్తాడు గానీ ఈయనవి చూస్తాడా?

నాలుగో ఫారం ఈ నెలాఖరుకి ఇవ్వాలి. ఆయన మీద నీకెంత కోపమైనా ఉండనీ, అది నీకూ ఆయనకీ మధ్య. నన్ను మాత్రం చీకట్లో పెట్టకు. భయపడాల్సింది ఏమైనా ఉందా లేదా? ఒక్క మాట రాయి చాలు.

వదిన


లాండ్రీ పైన గది,
అక్టోబరు 20

వదినా,

ఏమీ లేదు. ఈ రోజుకి అన్నయ్య లక్ష దాటలేదు. సంతకం పెట్టు.

నీ ఆడపడుచు


లాండ్రీ పైన గది,
ఫిబ్రవరి 9

వదినా,

అన్నయ్య కాగితాలు దాఖలు చేశాను. బిల్లు ఈ కవర్లోనే ఉంది. ఈ ఉత్తరం నువ్వు చదవడమే కాదు, వాణ్ణి కూర్చోబెట్టి పైకి చదివి వినిపించు. స్పీకర్ పెట్టినా సరే.

అన్నయ్యా, నీ పాత జీతం తొంభై ఎనిమిది వేలు. హెడ్ అయినందుకు పదహారు వేలు పెరిగింది, జనవరి నుంచే లెక్కకట్టి ఇచ్చారు. మొత్తం లక్షా పద్నాలుగు వేలు. పెరిగినదాంట్లో మొదటి రెండు వేల మీద నూటికి నలభై పన్ను, ఎనిమిదొందలు. అది అందరూ కట్టేదే. లక్ష దాటిన పద్నాలుగు వేల కథ వేరు. అక్కడ నువ్వు సంపాదించే ప్రతి రెండొందలకీ, పన్ను లేని భాగంలోంచి వంద కోసేస్తారు. అంటే వంద సంపాదిస్తే దాని మీద నలభై పోతుంది. పైగా ఇన్నాళ్ళూ పన్ను లేకుండా ఉన్న యాభై కూడా పన్నులోకి వస్తుంది, దాని మీద ఇంకో ఇరవై. నూటికి అరవై. పద్నాలుగు వేలకి ఎనిమిది వేల నాలుగొందలు. అన్నీ కలిపి తొమ్మిది వేల రెండొందలు. పదహారు వేలు పెరిగిందని విందు పెట్టావు, చేతికి మిగిలింది ఆరు వేల ఎనిమిదొందలు.

డిసెంబరు ముప్ఫై ఒకటి లోపల పద్నాలుగు వేలు పెన్షన్ నిధిలో వేసి ఉంటే ఆ ఎనిమిది వేల నాలుగొందలూ నీ పేరునే ఉండేవి. ఒక్క ఫోన్ చేస్తే చెప్పేదాన్ని. కొత్త సంవత్సరానికి ముందు రోజు సాయంత్రం దాకా ఫోన్ పక్కనే కూర్చున్నాను. అది మోగాలని కాదు, మోగకూడదని. నువ్వు గళ్ళు నింపమన్నావు, నింపాను. ఒక్క అంకె తప్పులేదు, ఎవరికైనా చూపించుకో. రెండుసార్లు పరీక్ష తప్పినదాని లెక్క ఎలా ఉందో ఇప్పుడు చెప్పు.

వదినా, వాడి మొహం ఎలా మారిందో ఒక్కటీ వదలకుండా రాయి. ఎనిమిది నెలల నుంచి దీనికోసమే కూర్చున్నాను.

నీ ఆడపడుచు


వంటింటి బల్ల దగ్గర,
ఫిబ్రవరి 23

నీ ఉత్తరం, డేకేర్ ఆఫీసు ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. నీది ఇంకా ఎవరికీ చదివి వినిపించలేదు. ముందు రెండోది చదివాను.

ఇంట్లో ఒకరి సంపాదన లక్ష దాటింది కాబట్టి, నిరుడంతా ఇచ్చిన తొమ్మిది వేలూ వెనక్కి కట్టమన్నారు. గీత ఎంత దాటారన్నది లెక్క కాదట, కొంచెం దాటినా మొత్తం పోతుందట. జీతం ఇలాగే ఉంటే ఈ ఏడు కూడా ఇవ్వరు, పూర్తి ఫీజు మేమే కట్టుకోవాలి. ఉత్తరానికి నా నాలుగు ఫారాల నకళ్ళు గుచ్చి పంపారు. నాలుగింటి మీదా నా సంతకం. పై అధికారి దగ్గరికి పిలిపించారు. అబద్ధపు ప్రకటన ఇవ్వడం నేరమని తెలుసా అని అడిగింది నా కూతురి వయసు పిల్లల్ని పెంచుకుంటున్న ఒకావిడ. తెలియక పెట్టానని నిలబడి చెప్పుకున్నాను.

మీ అన్నయ్య ఏమన్నారో తెలుసా? పన్ను బిల్లు సంగతి ఎత్తనేలేదు. “ఇరవై తెచ్చి పద్దెనిమిది డేకేర్‌కి పోస్తావు, మిగతాది బస్సుకి. ఏం చూసుకుని ఈ ఉద్యోగం? మానేయ్,” అన్నారు. మార్చి ఆఖరుకి దుకాణంలో చెప్పేయమని గడువు పెట్టారు. పాప అక్కడే నేల మీద గిన్నెలు పేర్చుకుంటోంది.

మీ అన్నయ్యని కొట్టబోయావు సరే. దెబ్బ నాకు తగిలింది. నిన్ను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ పెట్టు అన్నావు. డేకేర్ సంగతి నీకు తెలియదా, మరిచిపోయావా, లేక గుర్తుండే రాశావా? ఈసారి ‘ఈ రోజుకి’ అన్న మాట లేకుండా జవాబు రాయి.

వదిన


లాండ్రీ పైన గది,
మార్చి 3

వదినా,

మరిచిపోయానని రాశాను. ఆ కాగితం చింపేశాను. గుర్తుంది. రెండుసార్లూ గుర్తుంది.

పాపకి తినిపించే హడావిడిలో వినపడలేదన్నావు. పాప ఆ రోజు చెవి డాక్టరు భార్య ఒళ్ళో నిద్రపోతోంది. నువ్వు నాకు ఎదురుగా కూర్చున్నావు. అన్నయ్య రెండుసార్లు తప్పింది అనగానే అందరికంటే ముందు నవ్వింది నువ్వు. తర్వాత చేత్తో నోరు మూసుకున్నావు గానీ భుజాలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. అన్నయ్య అనడం నాకు అలవాటే, చిన్నప్పటి నుంచీ పడ్డాను. ఆ పరీక్షలు రాసేటప్పుడు మీ ఇంట్లో ఉండి చదువుకున్నాను. నాకు టీ పెట్టిచ్చి పక్కన కూర్చున్నదానివి నువ్వు. ఫలితం చూసి నాతో పాటు ఏడ్చినదానివి నువ్వు. నువ్వు నవ్వడం నేను తట్టుకోలేకపోయాను.

అందుకని నీ ఫారం సంగతి తెలిసే ఊరుకున్నాను. మీ ఇద్దరికీ తలా కాస్తా తగలాలనుకున్నాను. ఉద్యోగం మానేయమంటాడని మాత్రం అనుకోలేదు. అది నా లెక్కలో లేదు, నిజంగా లేదు. నమ్మితే నమ్ము. ఏం చేయాలో చెప్పు, చేస్తాను.

కానీ ఒకటి మాత్రం నాకు చెయ్యి. ఈ ఉత్తరం, దానికి ముందుది, రెండూ వాడికి చూపించు. తిట్టనీ, ఇంటికి రావద్దననీ. పొరపాటు కాదనీ, చేతగాక కాదనీ, తెలిసే చేశాననీ వాడికి తెలియాలి. అది తెలియకపోతే నేను పడ్డదంతా బూడిదలో పోసినట్టే.

నీ ఆడపడుచు


దుకాణం వెనక గది,
ఏప్రిల్ 6

లెక్కలమ్మా,

నవ్వాను. నిజమే. అందరూ నవ్వుతారనిపించి ముందే నవ్వేశాను. మరునాడే నీకు రాయాల్సింది. రాయలేదు. దానికి నువ్వు నన్ను తిట్టి ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని.

నా ఉద్యోగం పోలేదు. ఎలా నిలబెట్టుకున్నానో చెబుతాను, నీకు ఆసక్తిగా ఉంటుంది. నీ ఫిబ్రవరి ఉత్తరం ముందు పెట్టుకుని లెక్క వేశాను. నాకూ కాస్తో కూస్తో వచ్చు, నువ్వు నేర్పినవే. ఆదివారం పొద్దున ఆయన్ని కూర్చోబెట్టి కాగితం చూపించాను. హెడ్ కుర్చీ వల్ల చేతికొచ్చేది ఆరు వేల ఎనిమిదొందలు. ఆ కుర్చీ వల్లే పోయే డేకేర్ సాయం తొమ్మిది వేలు. అంటే ఆ కుర్చీలో కూర్చోవడానికి ఈయన ఏడాదికి రెండు వేల రెండొందలు ఎదురు చెల్లిస్తున్నారు. పోనీ నేను మానేస్తే? మిగిలేది ఆ ఆరు వేల ఎనిమిదొందలే. ఆయన కుర్చీ వదిలి, నేను పనికి వెళితే నా ఇరవైలో సగం ఫీజు తొమ్మిది పోగా పదకొండు వేలు, బస్సు ఖర్చు తీసేసినా తొమ్మిది. ఆయన నాలుగుసార్లు కూడారు. ఎన్నిసార్లు కూడినా అంతే వచ్చింది.

పెన్షన్ నిధి దారి ఉందని నాకు తెలుసు. పైనున్న పద్నాలుగు వేలు అందులో వేస్తే కుర్చీ ఉండేది, సాయమూ ఉండేది. నాకు అది జూలైలోనే రాశావు నువ్వు. ఆయనకి చెప్పింది అక్టోబరులో, టై కట్టుకుంటూ ఆయన విననే లేదు. ఈసారి నేను ఆ మాట ఎత్తలేదు. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఈ విద్య కూడా నీ దగ్గర నేర్చుకున్నదే.

పది రోజులు ఆ కాగితం జేబులో వేసుకుని తిరిగారాయన. తర్వాత వెళ్ళి హెడ్ పదవికి రాజీనామా ఇచ్చారు. తన చేతి కింద పని నేర్చుకున్న కుర్ర డాక్టరుకి ఆ కుర్చీ ఇచ్చారట. ఆ పిల్లవాడు వచ్చి కాళ్ళకి దండం పెట్టబోతే, పక్కకి జరిగి కారెక్కేశారట. నా జీతాన్ని పాకెట్ మనీ అన్నందుకు అది చాలు నాకు.

ఇక నీ సంగతి. కూడికలన్నీ అయ్యాక ఆయన నన్ను ఒకటే అడిగారు, ఇదంతా దానికి తెలియదా, మనకెందుకు చెప్పలేదు అని. నీ రెండు ఉత్తరాలూ నా ఒళ్ళోనే ఉన్నాయి. ఇవ్వాలని చెయ్యి కూడా కదిలింది. అప్పుడు ఆ ఆఫీసులో నిలబడి తెలియక పెట్టాను అని చెప్పుకున్నది గుర్తొచ్చింది.

“దానికి ఆ రూలు తెలియదండీ పాపం,” అన్నాను.

ఆయన తల ఊపారు. కోప్పడతారేమో అనుకున్నాను. లేదు. “నాదే తప్పు. దాని తాహతుకి మించింది దాని నెత్తిన పెట్టాను,” అన్నారు. పెళ్ళయ్యాక ఆయన నాదే తప్పు అనడం నేను వినడం అదే మొదటిసారి.

నీ ఉత్తరాలు దుకాణంలో నా సొరుగులో ఉన్నాయి. వాటిని ఎవరికీ చూపించను, నువ్వు నిశ్చింతగా ఉండు. కావాలంటే ఆయనకి నువ్వే మళ్ళీ రాయి, నీ కవర్లు విప్పేది నేనే. ఫోన్ చేసి చెప్పినా చెప్పు. తెలియక తప్పు చేసి, ఇప్పుడు పరువు కోసం తెలిసే చేశానంటోంది అనుకుంటారు.

ఆయన నిన్ను క్షమించేశారు. కాగితాలు వేరేవాళ్ళకి ఇద్దామా అని అడిగితే, వద్దు పాపం, ఇంకెవరిస్తారు దానికి అన్నారు. మార్చి జీతం కాగితం ఇందులోనే ఉంది. దాంతో పాటు ఆయన అయిదొందలు పెట్టమన్నారు. నిన్ను మంచి పుస్తకాలు కొనుక్కుని ఆ పరీక్ష మళ్ళీ కట్టమన్నారు. అందాయని ఆయన పేర రెండు ముక్కలు రాయి, సంతోషిస్తారు. అది మాత్రం తప్పకుండా చదివి వినిపిస్తాను.

వదిన